బొమ్మ ఎక్కడ సొమ్మవుతుంది?

సువర్ణరేఖ మీది వంతెన దాటి మానగో నుంచి వచ్చిన మిత్రులకు సలాం. పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చిన తల్లులకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఇవాళ్టి మాట బొమ్మల గురించి కాబట్టి ముందు వరస వాళ్లదే.

ఈ సాయంత్రం తలుచుకుంటున్న మహనీయుడు డాక్టర్ ఉమర్ ఆలీషా. 1885లో పిఠాపురంలో పుట్టారు. అరబ్బీ, పారసీకం, సంస్కృతం చదువుకున్నారు; పద్యం మాత్రం తెలుగులో చెప్పారు. నాటకాలు రాశారు, ఖండకావ్యాలు రాశారు, ఉమర్ ఖయ్యాంను తెలుగులోకి తెచ్చారు, ప్రవక్త ముహమ్మద్ వారి చరిత్రను తెలుగువాళ్ల చేతిలో పెట్టారు. పిఠాపురం ఆధ్యాత్మిక పీఠానికి అధిపతిగా ఉంటూనే కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1945లో కన్నుమూశారు. ఇస్లాం గురించి తెలుగులో, అన్ని మతాల తెలుగువాళ్ల ముందు, జంకు లేకుండా మాట్లాడవచ్చని ఆయన జీవితం చెబుతోంది. జంషెడ్‌పూర్‌లోని మన సీతారాండేరా లాంటి చోట ఆ ధైర్యం ఇంకా అవసరం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కార్ఖానా పనికి వచ్చిన కుటుంబాలు ఈ ఊళ్లో హో, సంథాలీ, బెంగాలీ, ఉర్దూ మాటల మధ్య తమ మాటను నిలుపుకున్నాయి. పక్కింటి ధర్మాన్ని పక్కింటివాళ్ల మాటల్లోనే వినడం ఇక్కడివాళ్లకి కొత్త కాదు.

బొమ్మలు కొని దాచుకునే పెద్దవాళ్ల గురించి ఇస్లామీయ వినియోగ ధర్మం ఏమంటుందన్నది ఈనాటి విషయం. చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ వెయ్యేళ్ల కింద బాగ్దాద్ నగర అధికారి దీని మీద తీర్పు చెప్పాల్సి వచ్చింది. ఆ కథ దగ్గరికి వెళ్లే ముందు మన బజారులోకి ఒకసారి తొంగిచూడాలి.

1

బొమ్మల దుకాణంలో పిల్లాడు లేకుండా ఒంటరిగా నిలబడి, కొక్కేలకు వేలాడే చిన్న కార్ల అట్టల్ని ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూసే నలభై ఏళ్ల మనిషిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆయన వెతుకుతున్నది హాట్ వీల్స్ కారు. మాటెల్ కంపెనీ 1968లో మొదలుపెట్టిన ఈ కార్లలో 1995 నుంచి కొన్నింటిని తక్కువగా చేసి, మామూలు వాటి మధ్యలో కలిపి పంపిస్తున్నారు. వాటి పేరే ట్రెజర్ హంట్, అంటే నిధి వేట. ఆ నిధి దొరికితే అట్ట చింపరు. చింపితే విలువ పోతుంది.

లెగో కంపెనీ 2020లో కొన్ని పెట్టెల మీద 18+ అని అచ్చువేయడం మొదలుపెట్టింది. బొమ్మ కొనేది తల్లిదండ్రులేనన్న పాత లెక్క అప్పటికే మారిపోయింది. ఇక లబుబు సంగతి ముందు వరసలోని పిల్లలే బాగా చెప్పగలరు. హాంకాంగ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో పెరిగిన చిత్రకారుడు కాసింగ్ లంగ్ 2015లో తన బొమ్మల పుస్తకాల్లో సృష్టించిన పళ్లికిలించే పిల్ల దయ్యం అది. చైనా కంపెనీ పాప్ మార్ట్ దాన్ని లోపల ఏముందో తెలియని పెట్టెల్లో పెట్టి అమ్మింది. 2025 జూన్‌లో బీజింగ్ వేలంలో మనిషంత లబుబు ఒకటి పది లక్షల యువాన్లు దాటి అమ్ముడుపోయింది.

కొనేవాళ్లలో ముస్లింలూ ఉన్నారు. జకార్తాలో, దుబాయిలో, హైదరాబాద్‌లో, మానగోలో. వాళ్లలో కొందరికి లోపల ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది: ఇది నాకు తగునా?

2

ఈ ప్రశ్నకు జవాబు వెతికేవాళ్లు సాధారణంగా నిషేధాల దగ్గర మొదలుపెడతారు. మనం ఆట దగ్గర మొదలుపెడదాం. ఎందుకంటే హదీసుల్లో, అంటే ప్రవక్త వారి మాటల, చేతల కథనాల్లో, బొమ్మ మొదట కనిపించేది ఆటలోనే.

ప్రవక్త వారి భార్య హజ్రత్ ఆయిషా తన నేస్తాలతో బొమ్మలాట ఆడుకునేవారని బుఖారీ సంకలనంలో ఉంది. ప్రవక్త వారు ఇంట్లోకి రాగానే ఆ పిల్లలు సిగ్గుపడి దాక్కునేవారు. ఆయన వాళ్లని వెతికి మళ్లీ ఆమె దగ్గరికి పంపేవారు. అబూదావూద్ సంకలనంలో ఇంకో సంఘటన ఉంది. ప్రవక్త వారు ఒక దండయాత్ర నుంచి తిరిగొచ్చారు. గాలికి తెర పక్కకి తొలగి, అరలో ఆమె బొమ్మలు కనిపించాయి. వాటి మధ్య గుడ్డపేలికలతో రెండు రెక్కలు కట్టిన గుర్రం. గుర్రానికి రెక్కలేమిటని ఆయన అడిగారు. సులైమాను ప్రవక్త గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురడిగారు. ఆయన దవడపళ్లు కనిపించేంతగా నవ్వారట.

ఒక ఇంటి అరలో కొన్ని బొమ్మలు, పేలికలతో కట్టిన ఒక గుర్రం, ఒక కథ, ఒక నవ్వు. ఇస్లామీయ బొమ్మల చర్చంతా ఆ అర దగ్గర మొదలైందంటే తప్పు కాదు.

ఇంకో ఉదంతం రుబయ్యి బింత్ ముఅవ్విజ్ అనే ఆమె చెప్పింది. ఆషూరా రోజున మదీనా తల్లులు తమ పిల్లల చేత కూడా ఉపవాసం ఉంచేవారు. పిల్లలు ఆకలికి ఏడిస్తే ఉన్నితో చేసిన బొమ్మ చేతికిచ్చి పొద్దుగూకేదాకా మరిపించేవారు. మన అమ్మమ్మలు కొబ్బరాకుతో బూర చేసిచ్చి ఏడుపు మాన్పించిన పద్ధతే ఇది.

ఈ ఉదంతాల పక్కనే ఇంకొకటి ఉంది. దాన్ని వదిలేస్తే వాదం ఒంటికాలి మీద నిలబడుతుంది. హజ్రత్ ఆయిషా ఇంట్లో ఒకసారి బొమ్మలున్న తెర వేలాడదీశారు. ప్రవక్త వారికి అది నచ్చలేదు. తెర తీయించారు. ఆ గుడ్డనే కోసి దిండ్లు కుట్టుకుంటే ఆ దిండ్ల మీద ఆనుకుని కూర్చున్నారు. గుడ్డ అదే. వేలాడదీసి గౌరవంగా చూస్తే ఒక లెక్క, ఆనుకుని కూర్చుంటే ఇంకో లెక్క. చాలామంది ఫికహ్ పండితులు, అంటే ధర్మశాస్త్రవేత్తలు, ఇక్కడి నుంచే ఒక సూత్రం తీశారు: రూపమున్న వస్తువు వాడకంలో అరిగిపోతుంటే దాని మీద పట్టింపు తగ్గుతుంది, ఎత్తైన చోట నిలబెడితే పెరుగుతుంది.

ఇప్పుడు బాగ్దాద్‌కి వద్దాం. ఖలీఫా ముక్తదిర్ కాలం, అంటే 908 నుంచి 932 వరకు. నగరానికి ముహ్తసిబ్‌గా, అంటే బజారు తనిఖీ అధికారిగా, షాఫియీ పండితుడు అబూ సయీద్ ఇస్తఖ్రీని నియమించారు. తూకాలు చూడటం, కల్తీ పట్టుకోవడం, బజారులో ధర్మం తప్పకుండా చూడటం ఆయన పని. ఆయన ఎదుట రెండు బజార్లున్నాయి. ఒకటి దాదీ అనే సరుకు అమ్మే బజారు. దాన్ని మత్తుపానీయంలో తప్ప ఇంకెందుకూ వాడరని చెప్పి ఆ బజారు ఎత్తివేయించారు. రెండోది బొమ్మల బజారు. దాన్ని ముట్టుకోలేదు. ప్రవక్త వారి కళ్లెదుటే ఆయిషా గారు బొమ్మలతో ఆడుకున్నారు కదా అన్నదే ఆయన చూపిన కారణం. ఈ సంగతిని మావర్దీ అనే పండితుడు తన రాజ్యనీతి గ్రంథంలో నమోదు చేశారు. మావర్దీ 1058లో మరణించారు.

ఇందులో గమనించాల్సింది, ఇస్తఖ్రీ వస్తువు రూపాన్ని మాత్రమే చూడలేదు. అది ఎందుకు అమ్ముడుపోతోందో చూశారు. ఇమాం మాలిక్ మాత్రం బొమ్మలు కొనడం ఇష్టపడేవారు కాదని ఒక మాట ఉంది. తర్వాతి పండితులు దాన్ని వివరిస్తూ, ఆయనకు నచ్చనిది పిల్లల ఆట కాదని, బొమ్మల మీద సంపాదించుకోవడమని అన్నారు. బొమ్మలాట మీద కాక బొమ్మల వ్యాపారం మీద వచ్చిన ఆ అనుమానాన్ని మనసులో పెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

3

పెద్దవాళ్ల సంగతేమిటి? ఇక్కడ పండితులు ఒక్కమాట మీద లేరు. ఆయిషా గారి ఉదంతం పిల్లల ఆటకు ఇచ్చిన మినహాయింపే కాబట్టి పెద్దవాళ్ల అల్మరాకు వర్తించదని చాలామంది అంటారు. ముఖం, కళ్లు స్పష్టంగా ఉన్న నిలువెత్తు రూపాల్ని గాజు అల్మరాలో పెట్టడం తగదంటారు. విలువిద్య, గుర్రపు శిక్షణ, భార్యతో సరసం తప్ప మనిషి ఆడే ఆటలన్నీ వ్యర్థమనే హదీసును కూడా వాళ్లు గుర్తుచేస్తారు. ఆ పట్టింపును తేలిగ్గా తోసేయడం మర్యాద కాదు. కార్లు, ఓడలు, లెగో కోటలు లాంటి ప్రాణంలేని వస్తువుల విషయంలో మాత్రం రూపం గొడవే లేదు.

రూపం గొడవ లేని చోట కూడా ఇంకో ప్రశ్న మిగులుతుంది, ఈ ఉపన్యాసానికి ప్రాణం అదే. పైన చెప్పిన ఉదంతాలన్నిటిలో బొమ్మను కాపాడింది ఆట. రెక్కల గుర్రం కథ చెప్పింది, ఉన్నిబొమ్మ ఆకలిని మరిపించింది. ఆట ఉన్నంతకాలం బొమ్మ బొమ్మే. అట్ట చింపకుండా, ప్లాస్టిక్ పెట్టె మీద ఇంకో ప్లాస్టిక్ పెట్టె తొడిగి, ధర పెరిగేదాకా దాచిన క్షణం నుంచి అది బొమ్మ కాదు, సొమ్ము. సొమ్ముకు ఇస్లాంలో వేరే ధర్మం ఉంది, చాలా వివరంగా ఉంది. బొమ్మకిచ్చిన సడలింపును సొమ్ముకు వాడుకోవడం కుదరదు.

బొమ్మ సొమ్మైతే ఏమవుతుందో చూపించిన ఒక దృశ్యం ఉంది. అమెరికాలో టై వార్నర్ కంపెనీ 1993లో బీనీ బేబీస్ అనే చిన్న గుడ్డబొమ్మలు తెచ్చింది. కొన్ని రకాల్ని హఠాత్తుగా ఆపేస్తూ పోవడంతో జనం వాటిని బంగారంలా కొని దాచారు. 1999లో లాస్ వేగస్‌లో విడాకులు తీసుకుంటున్న ఒక జంట వీటిని పంచుకోలేకపోతే, న్యాయమూర్తి ఆదేశం మీద ఆ భార్యాభర్తలు కోర్టు హాల్లో నేల మీద గొంతుక్కూర్చుని కుప్పలోంచి ఒక్కొక్క బొమ్మే ఏరుకున్నారు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. కొద్దికాలానికే ఆ బొమ్మల ధరలు కుప్పకూలాయి. చూసిన ఎవరికైనా ఆ ఇద్దరి మీద జాలి కలుగుతుంది.

4

సొమ్ము అన్నాక మొదటి ప్రశ్న, ఎలా కొన్నారు?

ఇస్లాంకు ముందు అరేబియా బజార్లలో కొన్ని చిత్రమైన బేరాలుండేవి. అమ్మేవాడు గుడ్డలు పరుస్తాడు. కొనేవాడు గులకరాయి విసురుతాడు. అది ఏ గుడ్డ మీద పడితే ఆ గుడ్డ ముందే అనుకున్న ధరకు అతనిది. ఇంకో బేరంలో మడతపెట్టిన గుడ్డను విప్పకుండా, చూడకుండా చేత్తో తాకితే చాలు, బేరం ఖాయం. గులకరాయి బేరాన్ని, గరర్ ఉన్న బేరాన్ని ప్రవక్త వారు నిషేధించారని ముస్లిం అనే పండితుడి హదీసు సంకలనంలో ఉంది. గరర్ అంటే కొనేదేమిటో తెలియని మసక. తాకుడు బేరాన్నీ నిషేధించారు.

ఇప్పుడు బ్లైండ్ బాక్స్‌ను, అంటే లోపల ఏముందో తెలియని ఆ లబుబు పెట్టెను, చేతిలోకి తీసుకోండి. ఒక వరసలో ఆరు రకాల లబుబులుంటాయి, వాటితోపాటు ఒక రహస్య రకం. ఆ రహస్యం దొరికే అవకాశం కొన్ని వరసల్లో 72 పెట్టెలకు ఒకటని కంపెనీయే చెబుతుంది. కొనేవాళ్లు పెట్టెను ఊపి చూస్తారు, బరువు తూస్తారు, చెవి దగ్గర పెట్టుకుంటారు. పద్నాలుగు వందల ఏళ్ల కింద గుడ్డ మడతను తడిమిన చేతికీ ఈ చేతికీ తేడా కనబడుతోందా?

అయినా తొందరపడి దీన్ని జూదమనకూడదు. డబ్బుకు ఒక బొమ్మ కచ్చితంగా వస్తుంది, పూర్తిగా పోయేదేమీ లేదని కొందరు సమర్థిస్తారు. ఏ బొమ్మ వచ్చినా తనకు సమానమేనని నిజంగా అనుకునేవాడికి ఆ సమర్థన సరిపోతుంది. కానీ రహస్యం కోసమే పదో పెట్టె, ఇరవయ్యో పెట్టె కొనేవాడు బొమ్మకు కాదు, అవకాశానికి డబ్బు కడుతున్నాడు. అక్కడ గరర్ దాటి మైసిర్, అంటే జూదం, అంచు వస్తుంది. ఈ ప్రమాదం మతపెద్దలకే కనిపించలేదు. చైనా ప్రభుత్వం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఈ పెట్టెలు అమ్మకూడదంది.

దుకాణంలోకి సరుకు దిగగానే అట్టలన్నీ ఊడ్చుకుపోయి, వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నో రెట్ల ధరకు అమ్మే పని కూడా ఉంది. ధర పెంచడం కోసం సరుకును దాచిపెట్టడాన్ని ఇహ్తికార్ అంటారు. అది ఆహారధాన్యాలకే వర్తిస్తుందని చాలామంది పండితులు అన్నారు. అబూ హనీఫా శిష్యుడు అబూ యూసుఫ్ మాత్రం, దాచడం వల్ల జనానికి కష్టం కలిగే ఏ సరుకుకైనా అది వర్తిస్తుందన్నారు. చిన్న కారు దొరక్క ఎవరూ పస్తులుండరు, నిజమే. కానీ నెల జీతంలోంచి కొడుకు పుట్టినరోజుకు ఒక కారు కొందామని వచ్చిన తండ్రి ఖాళీ కొక్కేలు చూసి వెనక్కి పోవడం చిన్న కష్టం కాదు. వేలంలో కొనే ఉద్దేశం లేకుండా పాట పెంచడం నజష్. దాని మీద మాత్రం భిన్నాభిప్రాయం లేదు, అది మోసం.

5

జకాత్, అంటే సంపద మీద తప్పనిసరి దానం, లెక్క చిన్నదే, కానీ ఎవరూ వేయనిది. వాడుకకు ఉంచుకున్న వస్తువుల మీద జకాత్ లేదు. ఇల్లు, బట్టలు, ఆడుకునే బొమ్మలు అందులోకే వస్తాయి. అమ్మకానికి కొన్న సరుకు మీద ఉంది. తన సంపద నిసాబ్ దాటితే, అంటే మన దేశంలో హనఫీ పండితులు చెప్పే లెక్కలో ఏడున్నర తులాల బంగారం లేదా యాభై రెండున్నర తులాల వెండి విలువ దాటి ఏడాది గడిస్తే, సరుకు విలువలో నలభయ్యో వంతు బీదలది. ఏది వాడుక, ఏది సరుకు అన్నది కొన్న నాటి ఉద్దేశాన్ని బట్టి తేలుతుంది. కాబట్టి విప్పని అట్టల అల్మరా ముందు నిలబడి సేకర్త తనను తానే అడగాలి: కొన్నప్పుడు నా మనసులో ఉన్నది ఆటా, రేపటి ధరా? పక్కవాడెవడూ ఆ జవాబు చెప్పలేడు.

ఇస్రాఫ్, అంటే మితిమీరిన ఖర్చు, సంగతికొస్తే, దానికి ఫలానా రూపాయలని ఎవరూ హద్దు గీయలేదు. ఖుర్ఆన్ 17వ అధ్యాయంలో దుబారాను ఖండించిన వాక్యానికి ముందు ఏముందో చూస్తే చాలు. బంధువు హక్కు, పేదవాడి హక్కు, బాటసారి హక్కు ఇవ్వమని ఉంది. ఎంత ఖర్చయింది అన్న ప్రశ్న కంటే ముందు, ఎవరి వాటా ఆగింది అన్న ప్రశ్న వస్తుంది.

6

తెలుగిళ్లకూ ఒక బొమ్మల సేకరణ ఉంది. పెద్దవాళ్లదే, తరతరాలుగా పెంచుతున్నదే. బొమ్మల కొలువు. అందులో దేవుళ్లుంటారు, పూజ ఉంటుంది. ఆ భాగం ఇస్లాంకు ఒప్పుదల కాదు, కలిపేసి చెప్పడం ఇద్దరికీ అన్యాయం. కానీ వినియోగం వైపు నుంచి చూస్తే కొలువులో ఒక అందమైన ఏర్పాటు కనిపిస్తుంది. ఏడాదంతా పెట్టెలో పాత చీర మడతల మధ్య పడుకున్న బొమ్మ, దసరాకో సంక్రాంతికో బయటికి రావాల్సిందే. పేరంటానికి ఇరుగుపొరుగును పిలవాల్సిందే. వచ్చినవాళ్ల చేతిలో శనగలు పెట్టాల్సిందే. మెట్ల కింది వరసలో పిల్లలు పార్కు కట్టి, ఊరు కట్టి ఆడుకుంటారు. కొలువు బొమ్మకు మళ్లీ అమ్మే ధర అంటూ ఉండదు. చెయ్యి విరిగిన చెట్టియారు బొమ్మను కూడా గోడకు ఆనించి నిలబెడతారు.

ఆ కొలువులో ఏటికొప్పాక బొమ్మ ఉంటే దాన్ని చేతిలోకి తీసుకోండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరది. అంకుడు కర్రను తరిణ పట్టి, తిరుగుతుండగానే రంగు కలిపిన లక్కను ఒత్తితే ఆ వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. రసాయన రంగులు ముంచుకొచ్చిన రోజుల్లో సి.వి. రాజు గారు పసుపు, నీలి లాంటి మొక్కల రంగుల్ని మళ్లీ నిలబెట్టారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చాయి. పిల్లాడు నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మ చేయడమన్నది వినియోగ ధర్మంలో తయారీదారు వైపు సగం. హలాల్ అనే మాట పక్కన ఖుర్ఆన్ తరచూ తయ్యిబ్ అనే మాట వాడుతుంది. తయ్యిబ్ అంటే శుభ్రమైనది, మేలైనది. ఆ మాటకు కళ్లెదుట రూపం కావాలంటే ఆ లక్కబొమ్మ చాలు.

ఇంకో సంగతి ఈ సభకు దగ్గరిది. మన దేశంలో లక్క ఎక్కువగా పండేది జార్ఖండ్‌లోనే. కుసుమ, పలాస, రేగు చెట్ల మీద లక్కపురుగును పెంచేది ఇక్కడి ఆదివాసీ కుటుంబాలు. లక్క మీద పరిశోధనకు రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే సంస్థ పెట్టారు. కర్ణాటకలోని చన్నపట్నంలో ఇదే లక్క పనిలో ఎన్నో ముస్లిం కుటుంబాలు తరాలుగా బతుకుతున్నాయి. అక్కడ బావాస్ మియాను ఆ బొమ్మలకు తండ్రిలాంటివాడని చెప్పుకుంటారు. ఆదివాసీ చెట్టు, ముస్లిం తరిణ, తెలుగు కొలువు. సేకరణకు డబ్బు పెట్టదలచిన ముస్లిం యువకుడు మొదట ఈ దారిన చూస్తే బాగుంటుంది. రూపం గొడవ అడ్డొస్తే బొంగరాలు, లక్కపిడతలు, బండి చక్రాలు ఉండనే ఉన్నాయి.

7

చివరిగా సేకర్త తర్వాత సేకరణ సంగతి. ఇస్లామీయ వారసత్వంలో అల్మరాలోని ప్రతి కారూ ఆస్తే, వారసులందరికీ వాటా ఉంటుంది. వారసులు కానివాళ్లకి వీలునామా ద్వారా ఇచ్చేది మూడో వంతుకు మించకూడదు. దీని వెనక ప్రవక్త వారి సహచరుడు సాద్ బిన్ అబీ వక్కాస్ ఉదంతం ఉంది. జబ్బుతో మంచం పట్టి, మూడింట రెండు వంతులు దానం చేస్తానన్నారు. ప్రవక్త వారు వద్దన్నారు. సగం అన్నారు. వద్దన్నారు. మూడో వంతు అంటే సరేనని, అది కూడా ఎక్కువేనని చెప్పారు. పిల్లల్ని ఒకరి ముందు చెయ్యిచాచేలా వదిలిపోవద్దన్నది అందులో కారణం.

మూడు వందల కార్ల అల్మరాలో మూడో వంతంటే వంద కార్లు కావు. విలువలో మూడో వంతు. ఏ అట్ట మామూలుదో, ఏది నిధి వేటలో దొరికిందో భార్యకు తెలియదు, కొడుక్కి తెలియదు, పాత సామాను కొనేవాడికి మాత్రం తెలుస్తుంది. అందుకని సేకర్తలు బతికుండగానే ఒక నోటు పుస్తకంలో జాబితా రాసిపెట్టాలి. ఏది ఎంతకు కొన్నారు, ఇప్పుడెంత పలుకుతుంది, ఏది వారసులది, మూడో వంతులోంచి ఏవి ఏ బడికి, ఏ ఆసుపత్రి పిల్లల వార్డుకు. అలా ఇచ్చే పెట్టెల పక్కన ఇంకో మాట కూడా రాయాలి, ఇచ్చే ముందు అట్ట చింపమని.